పెంకులు దించకముందు మా పల్లె చర్చి

మా పల్లె చర్చి పెంకులు వచ్చే నెల దించేస్తారట. సంఘ పెద్దలు కొత్త చర్చికి తీర్మానం చేసేశారు, చందాల పుస్తకం తిరుగుతోంది, అందులో నా పేరూ ఉంది, కాబట్టి దీన్ని ఫిర్యాదు అనుకోకండి. పోయిన ఆదివారం ఆరాధన అయ్యాక అందరూ వెళ్ళేదాకా ఆగి, టేపు పట్టుకుని గోడలు కొలుస్తుంటే పాస్టరు గారు వింతగా చూసి, "ఎందుకు బాబూ, ఎలాగూ పడగొట్టేదేగా" అన్నారు. అందుకేనండీ అన్నాను.

మాది ఒంగోలు వైపు బాప్టిస్టు సంఘం. ఇటువైపు పల్లెల్లో ఏ పాత చర్చి చూసినా ఒకే పోలిక: నాలుగు గోడల పొడుగాటి గది, వాసాల మీద పెంకులు, ముందొక వసారా, గంట ఉంటే గంట, లేకపోతే వేపచెట్టుకి వేలాడదీసిన రైలుపట్టా ముక్క. మెదక్ చర్చి చూసొచ్చినవాళ్ళకి ఇది చర్చిలా అనిపించదు. రంగుటద్దాలు లేవు, శిఖరం లేదు. కానీ కాసేపు నిలబడి చూస్తే ఇందులో ప్రతిదానికీ ఒక కారణం దొరుకుతుంది.

ముందు స్థలం సంగతి. చర్చి ఊళ్ళో లేదు, ఊరికి ఎడంగా పల్లెలో ఉంది, అదీ మాదిగపల్లెలో. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర 1866లో ఒంగోలు వచ్చినప్పుడు మొదట అగ్రకులాల వాళ్ళే ఆసక్తి చూపించారు. అదే ఏడాది యర్రగుంట్ల పేరయ్య అనే తోళ్ళ వ్యాపారి, మాదిగ, బాప్తిస్మం తీసుకున్నాడు. వ్యాపారం మీద ఏలూరు వైపు వెళ్ళినప్పుడు అక్కడి మిషనరీల దగ్గర క్రీస్తు మాట విని, తిరిగొచ్చి తనవాళ్ళకి చెప్పినవాడు. వీళ్ళని చేర్చుకుంటే మేం రామని పైకులాల వాళ్ళు తేల్చేశారు. దొర పేరయ్య వైపే నిలబడ్డాడు. మా చర్చి ఇక్కడ, ఈ ఇరుకు సందులో, రచ్చబండకి అంత దూరంలో ఉండటానికి అసలు కారణం అదే.

తర్వాత కరువు. 1876 నుంచి 78 దాకా వచ్చిన కరువులో క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ళు కాంట్రాక్టు తీసుకుని కూలిపని ఇప్పించాడు (మిషనరీ కాకముందు ఆయన అమెరికాలో సర్వేయరు, ఆ పని ఇక్కడ అక్కరకొచ్చింది). కూడు కోసం చేరారన్న మాట పడకూడదని కరువు రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశాడు. ఆపినవన్నీ ఒక్కసారిగా వచ్చిపడ్డాయి. 1878 జులై 3న మద్దిపాడు దగ్గర వెల్లంపల్లిలో, గుండ్లకమ్మ ఒడ్డున, ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. ఇచ్చినవాళ్ళు మన తెలుగు బోధకులే, ఆరుగురు, ఇద్దరేసి చొప్పున వంతులేసుకుని. దొర ఆ రోజు ఒక్కరికీ ఇవ్వలేదు. నాకు ఆ అంకె కన్నా ఈ సంగతే ఎక్కువ నచ్చుతుంది.

అంతమంది చేరాక పల్లెపల్లెకీ ఒక కప్పు కావాలి. మొదట్లో అన్నీ మట్టిగోడల తాటాకు పాకలే, కట్టుకున్నదీ పల్లెవాళ్ళే. ఏటా ఎండాకాలంలో ఇంటికో మోపు చొప్పున తాటాకు తెచ్చి కప్పు మార్చేవాళ్ళని మా నాయనమ్మ చెప్పేది. ఆదివారం చర్చి, మిగతా రోజులు బడి, పంతులూ బోధకుడూ ఒక్కరే. మా చర్చి వసారా గోడకి ఇప్పటికీ ఒక నల్లటి మచ్చ ఉంది, ఎన్నిసార్లు సున్నం కొట్టినా పైకి తేలుతుంది. చెమ్మ అనుకునేవాణ్ణి. బడి బోర్డట! గోడకే నల్లగా పూసి అక్షరాలు దిద్దించారు.

లోపల బలిపీఠం ఉండదు. బాప్టిస్టులకి వాక్యమే ముఖ్యం, అందుకని ప్రసంగ వేదిక సరిగ్గా మధ్యలో ఉంటుంది, దాని ముందు ప్రభు భోజనపు బల్ల. కింద కడప బండలు, చాపల మీద కూర్చోవడం, ఆడవాళ్ళకి ఒక గుమ్మం, మగవాళ్ళకి ఒకటి. గోడలు మూరెడు మందం పైనే ఉన్నాయి, కొలిచాను. మే నెలలో కూడా లోపల కూర్చోగలిగేవాళ్ళం. స్లాబు వేశాక ఏసీ పెడదామంటున్నారు, కరెంటు బిల్లు సంగతి ఆ చందాల పుస్తకంలో లేదు.

ఇక వేదిక కింద ఉన్నది. చెక్కలు తీస్తే తొట్టి. మాకు నీళ్ళు చిలకరిస్తే చాలదు, మనిషి మొత్తం మునగాలి. ఊరి మంచినీళ్ళ చెరువులో మావాళ్ళని దిగనిచ్చే రోజులు కావు. వాగు ఎండాకాలం ఎండిపోతుంది. అందుకని పెంకుల చర్చి కట్టేటప్పుడే తొట్టి కూడా కట్టుకున్నారట, బిందెలతో మోసి నింపుకునేవాళ్ళట. మా నాయనమ్మ బాప్తిస్మం అందులోనే, మా నాన్నదీ అందులోనే, నాదీ. ఆదివారం చెక్కలు లేపి దిగాను. అయిదు మెట్లు, సున్నపు గచ్చు ఇంకా నున్నగానే ఉంది, లోపల పాత చాపలూ, ఊపిరి తిత్తి చిరిగిన హార్మోనియం ఒకటీ.

కొత్త ప్లాను చూపించారు. చీమకుర్తి గ్రానైట్, బాల్కనీ, ముందు ఎత్తుగా లైట్ల సిలువ. బాగానే ఉంది. తొట్టి ఏదని అడిగితే, యూత్ కుర్రాడొకడు, "తొట్టెందుకన్నా, మల్లవరం రిజర్వాయరు దగ్గర గుండ్లకమ్మలో ఇచ్చేద్దాం, ఫొటోలు కూడా బాగా వస్తాయి" అన్నాడు.

వాడికి వెల్లంపల్లి సంగతి తెలియదు. అక్కడే నిలబెట్టి మొత్తం చెప్పాను, వాడు బండి తాళం తిప్పుకుంటూనే విన్నాడు.