చాక్లెట్ల లెక్క గ్రాముల్లోనా, సార్లలోనా?

పండగనాడు రెండు అరిసెలు ఎక్కువ తిన్న పిల్లవాణ్ని గదమాయించే ఇంట్లోనే, అదే పిల్లవాడు మామూలు రోజుల్లో పొద్దుటి నుంచి రాత్రి దాకా చాక్లెట్ చప్పరిస్తూ తిరుగుతుంటే ఎవరూ పట్టించుకోరు. ఒక్కో చాక్లెట్‌లో ఉండే చక్కెర నాలుగైదు గ్రాములే కదా అని సరిపెట్టుకుంటాం. ఒంట్లోకి చేరే మొత్తం చక్కెర దృష్ట్యా ఆ మాటలో కొంత న్యాయం ఉంది గాని, పళ్ల విషయంలో మాత్రం అది బొత్తిగా చెల్లదు.

పళ్ల మీది పాచిలో స్ట్రెప్టోకాకస్ మ్యూటన్స్ వంటి సూక్ష్మజీవులు కాపురం ఉంటాయి. చక్కెర అందిన కొద్ది నిమిషాల్లోనే అవి దాన్ని పులియబెట్టి ఆమ్లం తయారుచేస్తాయి. పంటి దగ్గర పీహెచ్ విలువ (ఇది ఎంత తగ్గితే ఆమ్లం అంత ఎక్కువని అర్థం) సుమారు 5.5 కన్నా దిగువకు పడిపోతే పంటి పైపొర అయిన ఎనామిల్‌లోని కాల్షియం, ఫాస్ఫేట్ కరగడం మొదలవుతుంది. లాలాజలం ఆ ఆమ్లాన్ని విరిచి, పోయిన ఖనిజాలను కొంతవరకు తిరిగి చేర్చగలదు కాని, అందుకు దానికి అరగంటో గంటో వ్యవధి కావాలి. గంటకొక చాక్లెట్ నోట్లో వేసుకునే పిల్లవాడికి ఆ వ్యవధి రోజంతా దొరకదు.

ఈ సంగతిని గట్టిగా తేల్చిన ప్రయోగం స్వీడన్‌లోని లుండ్ పట్టణం వద్ద, వీపెహోల్మ్ ఆసుపత్రిలో 1945లో మొదలైంది. అక్కడి రోగులలో కొందరికి భోజనంతోపాటు చక్కెర ఇచ్చారు. మరికొందరికి పళ్లకు బాగా అతుక్కునే టాఫీలను, ఒక దశలో రోజుకు 24 దాకా, భోజనాల మధ్య తినిపించారు. భోజనంతో చక్కెర తిన్నవారిలో పళ్లు పుచ్చడం పెద్దగా పెరగలేదు. టాఫీలు తిన్నవారిలో విపరీతంగా పెరిగింది. వారు బుద్ధిమాంద్యం గల నిస్సహాయులనీ, వారి అనుమతి ఎవరూ అడగలేదనీ చెప్పకుండా ఈ ఫలితాన్ని ఉదహరించడం నాకు మనస్కరించదు. మిఠాయిలు వారంలో ఒక్క శనివారమే తినాలన్న స్వీడన్ ఆనవాయితీకి మూలం ఆ అభాగ్యుల పుచ్చిన పళ్లే.

మా మేనకోడలి అయిదేళ్ల కొడుకు పంటినొప్పితో రెండు రాత్రులు నిద్రపోకపోతే, వాళ్లతోపాటు నేనూ దంతవైద్యురాలి దగ్గరికి వెళ్లాను. ఆవిడ ఎంత తింటాడని అడగలేదు, ఎన్నిసార్లు తింటాడని అడిగారు. బడి బస్సులో ఒకటి, చిల్లర లేదని కొట్టువాడు చేతిలో పెట్టేవి, తాతగారి జేబులోంచి వచ్చేవి, హోంవర్కు ముగించినందుకు ఒకటి అంటూ మా మేనకోడలు లెక్క చెప్పుకుంటూ పోయింది. చివరికి, "పాలపళ్లే కదా డాక్టరు గారూ, ఎలాగూ ఊడిపోతాయి" అంది. "వెనక దవడ పళ్లు పది, పన్నెండేళ్ల దాకా ఉండాలమ్మా. అవి ముందే పోతే పక్క పళ్లు ఆ ఖాళీలోకి జరుగుతాయి, కొత్తవి వంకరగా వస్తాయి" అన్నారావిడ.

చాక్లెట్‌కు బదులు జీళ్లు, పల్లీ పట్టీ పెడితే మంచిదని అనేవాళ్లు ఉన్నారు. పల్లీల బలం పల్లీలకు ఉన్నమాట నిజమే. బెల్లంలో మాత్రం ఎక్కువ భాగం చక్కెరే. పైగా జీడిపాకం పంటి సందుల్లో ఇరుక్కుంటే ఓ పట్టాన వదలదు.

ఇక గ్రాముల లెక్క ప్రధానంగా పెద్దలది. విడిగా కలుపుకునే చక్కెర, తేనె, పండ్ల రసాల్లోని చక్కెర మొత్తం కలిపి రోజువారీ కేలరీలలో పదిశాతానికి మించరాదనీ, అయిదు శాతం లోపు ఉంటే మరీ మేలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సూచించింది. రెండువేల కేలరీలు తినేవారికి అయిదు శాతమంటే 25 గ్రాములు. రెండేసి చెంచాల చక్కెరతో నాలుగు టీలు తాగితే, చెంచాకు నాలుగు గ్రాముల చొప్పున చూసినా 32 గ్రాములవుతుంది. మిఠాయి ముట్టనని గర్వంగా చెప్పుకునేవారు ఒకసారి తమ టీ కప్పులు లెక్కపెట్టుకోవాలి.

మనం వాడే చక్కెరలో సగం ఫ్రక్టోజ్ అనే ఒక రకం చక్కెర. దానిలో చాలాభాగాన్ని అరాయించేది కాలేయమే. మోతాదు మించితే కొంత కొవ్వుగా మారి అక్కడే పేరుకుంటుంది, రక్తంలో ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వులు పెరుగుతాయి. చక్కెర తిన్నంత మాత్రాన మధుమేహం వస్తుందనడం సరికాదు; వంశపారంపర్యం, బరువు, కదలని జీవితం, మన పళ్లెంలోని అన్నం, అన్నీ అందులో పాలుపంచుకుంటాయి. అయినా బ్రిటన్ అనుభవాన్ని తోసిపుచ్చలేం. యుద్ధకాలపు చక్కెర రేషన్‌ను అక్కడ 1953లో ఎత్తివేయగానే, రోజుకు సుమారు 40 గ్రాములున్న సగటు వాడకం దాదాపు రెట్టింపైంది. రేషన్ కాలంలో కడుపులో పడి, తొలి రెండేళ్లూ ఆ కొద్దిపాటి చక్కెరతోనే గడిపినవారికి పెద్దయ్యాక మధుమేహం ముప్పు 35 శాతం దాకా తక్కువగా ఉందని 2024లో ప్రచురితమైన పరిశోధన తేల్చింది.

మా మేనకోడలి ఇంట్లో ఇప్పుడు చాక్లెట్ మానిపించలేదు, మధ్యాహ్నం అన్నం తిన్న వెంటనే పెట్టి నీళ్లతో పుక్కిలింపజేస్తున్నారు. రాత్రి ఫ్లోరైడ్ పేస్టుతో తోమించాక మంచినీళ్లు తప్ప మరేమీ ఇవ్వడం లేదు. నిద్రలో లాలాజలం బాగా తగ్గిపోతుంది కాబట్టి, చక్కెర కలిపిన పాలసీసా నోట్లో పెట్టి చంటిపిల్లలను పడుకోబెట్టే అలవాటు వీటన్నిటికన్నా ముందు మానవలసినదని వైద్యురాలు చెప్పగా, మా మేనకోడలి చెల్లెలు ఆ రాత్రి నుంచే తన చంటిదానికి సీసా మాన్పించింది.