ముత్యాల గొలుసు: తీగ మళ్లీ మెడ దగ్గరే తెగింది

మళ్లీ అదే చోట! తీగ చివర వంచిన లూప్ గుండ్రంగానే ఉంది, దాని కింద మూడు చుట్లూ బిగుతుగానే ఉన్నాయి. ముత్యం బెజ్జం అంచున, అంటే లింకు మెడ దగ్గర మాత్రం రాగి తీగ పుటుక్కుమంది. లింకు లింకుగా అల్లే గొలుసులో ఒక్క లింకు పోతే మొత్తం పోయినట్టే. జుంకాల కొక్కేలు 0.8 మి.మీ. హాఫ్ హార్డ్ (మరీ మెత్తనా కాని, మరీ గట్టీ కాని) వెండి తీగతో చక్కగా కుదిరాయి, వాటి సంగతి అంతే. తేలనిది ఈ మెడ సంగతే.

సరుకు ఇదీ: 6 మి.మీ. మంచినీటి ముత్యాలు, హైదరాబాద్ పత్తర్‌గట్టీ బజారువి, బెజ్జం 0.7 మి.మీ. తీగ 22 గేజి (తీగ మందం చెప్పే నంబరు) మెత్తటి రాగి. లూప్ లోపలి వెడల్పు 2.5 మి.మీ.

అసలు గేజి నంబరు నమ్మి తీగ కొనడమంత దండగ పని ఇంకోటి లేదు. విదేశీ క్రాఫ్ట్ ప్యాకెట్ల మీద ఉండేది మామూలుగా అమెరికన్ గేజి, అందులో 22 అంటే 0.64 మి.మీ. మన మోటార్ వైండింగ్ షాపుల్లో నడిచేది ఎస్‌డబ్ల్యూజీ అనే బ్రిటిష్ గేజి, అందులో అదే 22 అంటే 0.71. మొదటిది 0.7 బెజ్జంలో ఇరుగ్గా దూరుతుంది, రెండోది దూరనే దూరదు. 24లోనూ అంతే: 0.51, 0.56. మందం కొలిచే వెర్నియర్ లేకపోతే పెన్సిల్ మీద 20 చుట్లు సందు లేకుండా చుట్టి, వెడల్పు కొలిచి 20తో భాగించాలి. 10.2 మి.మీ. వస్తే అమెరికన్ 24, 11.2 వస్తే ఎస్‌డబ్ల్యూజీ 24. షాపులో అడిగేటప్పుడు కూడా మిల్లీమీటర్లలోనే అడగడం మేలు.

ఇక తెగడం దగ్గరికొద్దాం. బరువుకు తెగడం లేదు. అరకిలో వేలాడదీసినా 0.64 రాగి చెక్కుచెదరదు. అటూ ఇటూ వంచితేనే పోతోంది. అనుమానాలు మూడు.

ఒకటి, ప్లయర్ గాటు. చుట్లు వేసేటప్పుడు దవడ అంచు మెడను నొక్కేస్తుంది, పగులు ఆ గీత దగ్గరే మొదలవుతుంది. దవడలకు మాస్కింగ్ టేప్ చుట్టి చేసిన లింకులు ఎక్కువ వంపులు తట్టుకున్నాయి, కానీ చివరికి తెగింది మాత్రం అక్కడే. కాబట్టి గాటుది సగం తప్పే.

రెండు, తీగ ముందే గట్టిపడిపోవడం. రాగిని ఎంత లాగి, ఎంత వంచితే అంత గట్టిపడి పెళుసవుతుంది. నైలాన్ ప్లయర్‌తో నాలుగైదుసార్లు సాపు చేసి, చుట్టు నచ్చక విప్పి మళ్లీ చుడితే ఆ మెడకు ఇక ఆయుష్షు ఉండదు. విప్పిన ముక్కను పక్కన పడేయడమే. లేదా మసక ఎరుపు వచ్చేదాకా టార్చితో కాల్చి నీళ్లలో ముంచితే మళ్లీ మెత్తబడుతుంది. ఆ నలుపు చింతపండు రసంతో పోతుంది. ఇదంతా ముత్యం ఎక్కించకముందే చేయాలి, వేడీ పులుపూ రెండూ ముత్యానికి శత్రువులే. వైండింగ్ తీగకు వార్నిష్ పూత ఉంటుంది, దాన్ని మాత్రం కాల్చొద్దు, పొగ మంచిది కాదు.

మూడోదే అసలు దొంగలా ఉంది: ఇరుకు. 0.7 బెజ్జంలో 0.64 తీగ ఉంటే ముత్యం తిరగదు. గొలుసు ఒంపు తిరిగినప్పుడల్లా ఆ వంపంతా బెజ్జం అంచున అర మిల్లీమీటరు మీదే పడుతుంది. అదే తీగతో ముత్యం లేకుండా కట్టిన లింకులు ఎంత వంచినా నిలిచాయి. 0.51తో కట్టినవి ముత్యం ఉన్నా నిలిచాయి.

అయితే 0.51 మెత్తటి రాగికి ఇంకో రోగం: లాగితే లూప్ కోలగా సాగుతుంది. మందం పావు వంతు పెరిగితే వంగకుండా నిలిచే బిగువు దాదాపు రెండున్నర రెట్లవుతుంది మరి, తగ్గినప్పుడూ అదే లెక్క. హాఫ్ హార్డ్ ఇత్తడి గట్టిదే కానీ 2.5 మి.మీ. లూప్‌లో వెనక్కి తన్నుతుంది, చుట్లు ఎగుడుదిగుడుగా వస్తాయి. జర్మన్ సిల్వర్‌లో నికెల్ ఉంటుంది, కొందరికి దురద, అమ్మే వస్తువుకు అసలొద్దు. అల్యూమినియం ఈ పనికి దండగ. ఆర్టిస్టిక్ వైర్ బ్రాండు రంగు తీగలు సాధనకు బాగుంటాయి, ప్లయర్ జారితే మాత్రం పూత కింద రాగి కనబడుతుంది.

తర్వాతి గొలుసు 92.5 వెండి, 0.5 మి.మీ. హాఫ్ హార్డ్, లూప్ 2 మి.మీ.కు తగ్గించి. పక్కన పోల్చడానికి నాలుగు ముత్యాలకు డైమండ్ రీమర్‌తో (బెజ్జం పెద్దది చేసే సన్నటి పనిముట్టు) బెజ్జం 0.9 చేసి 0.64 రాగితోనే కడతా. రీమర్ తడిగా ఉండాలి, రెండు వైపుల నుంచీ తొలచాలి, ఒకే వైపు నుంచి నెడితే అవతలి పొర పెచ్చు లేస్తుంది. మిగిలిన 0.32 తీగను రెండు పేటలు పేనుకుని, సుత్తితో చదును చేసి, కరీంనగర్ ఫిలిగ్రీ (సన్నటి వెండి తీగ అల్లిక) పద్ధతిలో చిన్న ఆకులు చుట్టి చూడాలని ఉంది. టంకం పొడి ఇంకా కొనాలి.