జ్వాలా నరసింహుడి దగ్గర దీపం

అహోబిలం నుంచి వచ్చి మూడు రోజులైంది. పిక్కలు ఇంకా పట్టేసే ఉన్నాయి, మోకాలి మీద గీరుకుపోయిన చోట పక్కు కట్టింది, అయినా కళ్లు మూసుకుంటే చాలు, ఆ నీళ్ల హోరే వినిపిస్తోంది.

మొక్కు మా చెల్లి కొడుకు కోసం. ఏడో నెలలోనే పుట్టాడు, 1,150 గ్రాములు. 41 రోజులు అద్దాల పెట్టెలోనే ఉన్నాడు, వాడి పిడికిలి మా నాన్న బొటనవేలంత ఉండేది. ఒక రాత్రి డాక్టర్లు ఏమీ చెప్పలేమన్నారు. ఆ వరండాలోనే నిలబడి, స్వామీ, ప్రహ్లాదుణ్ణి కాచినట్టు వీణ్ణి కాపాడు, కొండెక్కి వచ్చి జ్వాలా నరసింహుడి దగ్గర నా చేత్తో నేతి దీపం పెడతాను అని మొక్కుకున్నాను. ఇప్పుడు వాడు బోర్లా పడుతున్నాడు, ఆరు కిలోలు దాటాడు.

వానల్లో వద్దే, కార్తీకంలో వెళ్దువులే అంది అమ్మ. నాకు మనసాగలేదు. స్వామి జన్మ నక్షత్రం స్వాతి, ఆదివారంతో కలిసొచ్చిందని బయల్దేరిపోయాను. ఆళ్లగడ్డ దాటాక నల్లమల ఉండాల్సిన చోట మబ్బు తప్ప ఏమీ కనపడలేదు.

స్వాతీ ఆదివారమూ కలిస్తే ఎంత జనం వస్తారో మాత్రం నేను ఊహించలేదు. ఎగువ అహోబిలంలో గుహలో స్వామిని చూసుకుని భవనాశి వెంట లోపలికి నడుస్తుంటే అడుగడుక్కీ ఆగాల్సి వచ్చింది, మెట్ల మధ్యలో నిలబడి వీడియోలు తీసేవాళ్లు, స్పీకర్లో సినిమా పాటలు పెట్టుకున్న కుర్రాళ్లు, రాళ్ల సందుల్లో చిప్స్ ప్యాకెట్లు, నీళ్ల సీసాలు. అన్నమయ్య తిరిగిన కొండలివి, పులులు తిరిగే అడవి. కడుపు మండి ఒకరిద్దరితో గట్టిగానే అన్నాను.

దారిలో ఉండే క్రోడ నరసింహుడి గుడి దాటాక వాన పెద్దదైంది. మామూలు రోజుల్లో చెప్పులు చేత్తో పట్టుకుని దాటేసే వాగు, ఎర్రగా, మోకాళ్ల పైదాకా వచ్చింది. గుండ్ల మీద పాచి. మూడో అడుగుకే కాలు జారి కూలబడ్డాను, భుజాన ఉన్న సంచి నీళ్లలో మునిగింది. లేద్దామంటే కాళ్లు వణికిపోతున్నాయి, వెనక్కి చూస్తే ఒడ్డు, ముందుకు చూస్తే ఒడ్డు, రెండూ ఒకే దూరంలో ఉన్నట్టున్నాయి. ఏడుపొచ్చేసింది.

ఎక్కణ్ణుంచి వచ్చాడో, డోలీలు మోసే చెంచు పెద్దాయన ఒకాయన నీళ్లలోకి దిగి చెయ్యి పట్టుకున్నాడు. గట్టి చెయ్యి, అరచేయంతా కాయలే. "మా అల్లుని కాడికి పోతాండావు, భయమెందుకు తల్లీ" అన్నాడు. చెంచులక్ష్మి పుట్టిల్లు కదా ఇది, వాళ్లకి స్వామి అల్లుడే. ఆ మాట వింటే ఒళ్లు జలదరించింది. తన కర్రతో ఒక్కో రాయీ తట్టి చూసి, ఇక్కడ పెట్టు, ఇక్కడ పెట్టు అంటూ అవతలికి చేర్చి, వెళ్లిపోకుండా పైదాకా నాతోనే వచ్చాడు.

పైన కొండ అంచు మీంచి జలపాతం. దాని కిందుగా తడుస్తూ వెళ్తే స్వామి. ఎనిమిది చేతులు, ఒడిలో హిరణ్యకశిపుడు. వెనకనుంచి తోపులాట, కదలండి కదలండి అని అరుపులు, నాకు దొరికింది ఎంత, నాలుగు క్షణాలు. హారతి వెలుగు ఒక్కసారి పైకి లేచినప్పుడు స్వామి ముఖం కనపడింది. ఉగ్రరూపం అంటారు కానీ, నాకు మాత్రం బిడ్డకి జ్వరమొస్తే రాత్రంతా నిద్రపోని తండ్రి ముఖంలా అనిపించింది. అడగడానికి ఏమీ గుర్తు రాలేదు.

పక్కకొచ్చి రాతి చాటున కూర్చుని సంచి విప్పాను. నేతిలో నానబెట్టిన వత్తులు స్టీలు డబ్బాలో భద్రంగానే ఉన్నాయి. అగ్గిపెట్టె మాత్రం ముద్దయిపోయింది, పుల్ల గీస్తే మందు ఊడి వేలికి అంటుకుంది. పెద్దాయన ఏమీ మాట్లాడకుండా మొలలోంచి ఒక పాలిథిన్ కవరు తీశాడు, దాన్ని విప్పితే లోపల ఇంకో కవరు, అందులో బీడీలు, పొడిగా అగ్గిపెట్టె. ఆయన గీస్తూ ఉంటే, తుంపర పడకుండా నేను ప్రమిద చుట్టూ చేతులు అడ్డం పెట్టాను. రెండు పుల్లలు ఆరిపోయాయి. మూడోదానికి వత్తి అంటుకుంది. మా బుజ్జిగాడి పేరు పైకే చెప్పాను.

కళ్లు తుడుచుకుని చూసేసరికి ఆయన లేడు. డబ్బులైనా ఇవ్వలేదే అని మనసంతా అదే. రక్తగుండం మడుగు దగ్గర ఎంత వెతికినా కనపడలేదు. మాలోల నరసింహుడి గుడి దాకా వెళ్లే ఓపిక లేక, స్వామి చీల్చుకుని వచ్చాడని చెప్పే ఉక్కు స్తంభం శిఖరం వైపు చూసి దణ్ణం పెట్టుకుని దిగిపోయాను, అటంతా మబ్బే.

క్రోడ నరసింహుడి దగ్గరికి వచ్చేసరికి డోలీలో ఒక ముసలమ్మని ఎత్తుకుని ఎదురొచ్చాడు. ఆగే వీల్లేదు, బరువు భుజం మీదుంది. నేను డబ్బులు తీస్తుంటే తలతోనే వద్దన్నాడు.

"దీపం నిలబడిందా తల్లీ?"

"నేను దిగేటప్పటికి వెలుగుతూనే ఉంది" అన్నాను.