లుసైల్‌కు ముందు ఆరు రోజులు

2022 నవంబరు 16 రాత్రి నేను ఖతార్ రాజధాని దోహాలో దిగేసరికి ఫుట్‌బాల్ ప్రపంచకప్ మొదలు కావడానికి ఇంకా నాలుగు రోజుల వ్యవధి ఉంది. నా చేతిలో ఉన్న టికెట్ మాత్రం 22వ తేదీన లుసైల్ స్టేడియంలో జరిగే అర్జెంటీనా, సౌదీ అరేబియా మ్యాచ్‌ది. అంత ముందుగా ఎందుకు బయలుదేరుతున్నావని ఇంట్లోవాళ్లు అడిగినప్పుడు సరైన జవాబు చెప్పలేకపోయాను. ఆట మొదలయ్యాక ఏం జరుగుతుందో టీవీలో ఎవరైనా చూడవచ్చు. ఇంకా ఏ జట్టూ ఓడిపోని ఆ కొద్ది రోజుల్లో, అన్ని దేశాల అభిమానులూ ఒకే నగరంలో తిరుగుతూ తమ జట్టు గురించి ఏమనుకుంటారో, ఏ లెక్కలు వేసుకుంటారో దగ్గరగా వినాలన్నదే నా కోరిక.

విమానాశ్రయానికి మా చిన్నాన్న కొడుకు వచ్చాడు. వాడు తొమ్మిదేళ్లుగా అక్కడ ఎలక్ట్రీషియన్‌గా పనిచేస్తున్నాడు. నన్ను చూడగానే కుశల ప్రశ్నలు కూడా వేయకుండా, "ఐదు సున్నా అన్నయ్యా!" అన్నాడు. ఆ సాయంత్రమే అబుదాబీలో జరిగిన సన్నాహక మ్యాచ్‌లో అర్జెంటీనా యూఏఈ జట్టును 5-0తో ఓడించింది. డి మారియా రెండు గోల్స్ కొట్టాడు, మెస్సీ ఒకటి కొట్టాడు. దాంతో అర్జెంటీనా ఓటమి లేకుండా ఆడిన మ్యాచ్‌ల సంఖ్య 36కు చేరింది. అంతర్జాతీయ ఫుట్‌బాల్‌లో ఇటలీ పేరిట ఉన్న రికార్డు 37. సౌదీని ఓడిస్తే, కనీసం డ్రా చేసుకున్నా, ఆ రికార్డు సమమవుతుందని వాడు సంచీ అందుకుంటూనే చెప్పాడు.

ఇల్లు చేరి పడుకుందామనుకున్నాను కానీ వాడు నన్ను నేరుగా ఖతార్ విశ్వవిద్యాలయం వైపు తీసుకుపోయాడు. అర్జెంటీనా జట్టు బస అక్కడే. ఆటగాళ్లు అబుదాబీ నుంచి తెల్లవారేలోగా వస్తారని తెలిసి వందలాది మంది అప్పటికే దారి పక్కన నిలబడి ఉన్నారు. బ్యూనస్ ఎయిరిస్ నుంచి వచ్చినవాళ్లు కొందరు, కేరళ, బంగ్లాదేశ్‌ల నుంచి వచ్చి దోహాలో స్థిరపడినవాళ్లు అంతకంటే చాలామంది. డ్రమ్ములు ఆగకుండా మోగుతున్నాయి. చివరికి బస్సు వచ్చింది. అది మా ముందు నుంచి సాగిపోవడానికి పది సెకన్లు పట్టి ఉంటుంది. లోపల ఎవరెవరు కూర్చున్నారో నాకు కనిపించలేదు. అయినా నా పక్కనున్న కుర్రవాడు రెండు చేతులూ తలమీద పెట్టుకుని, చాలాసేపు కదలకుండా అలాగే నిలబడిపోయాడు.

మా తమ్ముడి మిత్రుడొకరిని అక్కడే కలిశాను. మలప్పురం జిల్లాకు చెందిన ఆయన ప్లంబింగ్ పని చేస్తాడు. ఒంటిమీది జెర్సీ ఎన్నిసార్లు ఉతికారో, నీలి చారలు దాదాపు తెల్లబడిపోయాయి, వీపు మీది 10 అంకె పగుళ్లు విచ్చింది. జేబులోంచి ఒక చిన్న డైరీ తీసి వీధిదీపం వెలుగులో నాకు చూపించాడు. 2019 జులైలో దక్షిణ అమెరికా దేశాల టోర్నీ అయిన కోపా అమెరికా సెమీఫైనల్లో బ్రెజిల్ చేతిలో ఓడిన తరువాత అర్జెంటీనా ఆడిన ప్రతి మ్యాచ్‌నూ అందులో వరుస సంఖ్యతో, తేదీతో, స్కోరుతో రాసుకున్నాడు. ఒకటో సంఖ్య ఎదురుగా చిలీ మీద 2-1 ఉంది. 2021 జులైలో మారకానాలో బ్రెజిల్‌ను 1-0తో ఓడించి, 28 ఏళ్ల తరువాత కోపా గెలిచిన రోజు కింద రెండు గీతలు గీశాడు. 2022 జూన్‌లో వెంబ్లీలో యూరప్ విజేత ఇటలీని 3-0తో ఓడించిన ఫైనలిస్సిమా (యూరప్, దక్షిణ అమెరికా విజేతల మధ్య పోటీ) కింద ఒక గీత ఉంది. 36 ఎదురుగా ఆ రాత్రి స్కోరు అప్పటికే చేరింది. దాని కింద 37, 38, 39 అంకెలు వేసి, ఎదురుగా స్థలం ఖాళీగా ఉంచాడు. కప్పు గెలవాలంటే ఏడు మ్యాచ్‌లు ఆడాలి కదా, మరి మూడే అంకెలు ఎందుకు వేశారని అడిగాను. "గ్రూప్ మ్యాచ్‌లు మూడింటి వరకే రాయాలి భాయ్. ఆ పైన రాస్తే దిష్టి" అన్నాడు, చాలా గంభీరంగా.

ఆ భయం నాకు కొత్తది కాదు. 1990 జులైలో రోమ్‌లో అర్జెంటీనా, పశ్చిమ జర్మనీల మధ్య జరిగిన ప్రపంచకప్ ఫైనల్‌ను దూరదర్శన్‌లో చూసినప్పుడు నాకు పదకొండేళ్లు. 85వ నిమిషంలో పశ్చిమ జర్మనీ ఆటగాడు బ్రేమె పెనాల్టీని గోల్‌గా మలిచాడు, ఆట ముగిశాక మారడోనా ఏడ్చాడు, నేనూ ఏడ్చాను. ఆ రోజు నుంచి ఆ జట్టు నాది అయిపోయింది. 2014 ప్రపంచకప్ ఫైనల్లో 113వ నిమిషంలో జర్మనీ ఆటగాడు గోట్జె కొట్టిన గోల్, 2015, 2016 కోపా ఫైనల్స్‌లో చిలీతో వరుసగా రెండుసార్లు షూటౌట్లో ఓటమి, రెండోసారి మెస్సీ స్వయంగా పెనాల్టీని పైకి తన్నడం, ఇవన్నీ నా సొంత జీవితంలోని తేదీల్లాగే నాకు గుర్తుంటాయి. ఇది బహుశా తన చివరి ప్రపంచకప్ అని మెస్సీ అక్టోబరులోనే చెప్పాడు. 2018లో కోచ్‌గా పగ్గాలు చేపట్టిన స్కలోని ఈ జట్టును నిలబెట్టిన తీరు మీద నాకు ఎంతో నమ్మకం ఉంది. మధ్యవరుసలో కీలకమైన లో సెల్సో గాయంతో ముందే దూరమయ్యాడు. నేను వచ్చిన మరునాడు నికోలస్ గొంజాలెజ్, హోకిన్ కొర్రేయా కూడా గాయాల కారణంగా జట్టు నుంచి తప్పుకున్నారు. నిన్న సాయంత్రం ఐదో గోల్ కొట్టిన కొర్రేయాయే ఈ రోజు ఇంటిదారి పట్టాడని తలుచుకుంటే, 36 అనే సంఖ్య ఇచ్చిన ధైర్యం కొంత తగ్గింది.

17, 18, 19 తేదీల్లో నేను చేసిందల్లా మెట్రోలో తిరగడం, మనుషులతో మాట్లాడటం. టోర్నీకి వచ్చిన అభిమానులకు ఇచ్చిన హయ్యా కార్డు ఉన్నవారికి అప్పుడు మెట్రో ప్రయాణం ఉచితం. ఎరుపు, ఆకుపచ్చ, బంగారు లైన్లు మూడూ మ్షైరెబ్ స్టేషన్లో కలుస్తాయి కాబట్టి, అక్కడ ఒక గంట నిలబడితే సగం ప్రపంచం ఎదురుపడుతుంది. ఎనిమిది స్టేడియాలూ ఒకే నగరం చుట్టుపక్కల ఉండటం వల్ల ఇది సాధ్యమైంది. వేరే ప్రపంచకప్‌లలో ఒక్కో జట్టు అభిమానులు ఒక్కో ఊళ్లో ఉండిపోతారు. ఇక్కడ మెక్సికో టోపీ, వేల్స్ ఎర్ర టోపీ, ట్యునీషియా జెండా ఒకే ఎస్కలేటర్ మీద కనిపించాయి.

మీ జట్టు ఎంతవరకు వెళ్తుందని నేను అడిగిన ప్రతివారూ ముందు ఒక పాత దెబ్బ గురించి చెప్పి, ఆ తరువాతే జవాబు చెప్పారు. మెక్సికో నుంచి వచ్చిన ఒక తండ్రీ కూతుళ్లు "ఐదో మ్యాచ్" అన్న మాటను మంత్రంలా పలికారు. 1994 నుంచి 2018 దాకా వరుసగా ఏడు ప్రపంచకప్‌లలో వాళ్ల జట్టు గ్రూప్ దాటి, నాకౌట్ తొలి మ్యాచ్‌లోనే, అంటే తన నాలుగో మ్యాచ్‌లోనే, ఓడి వెనుదిరిగింది. అందులో 2006, 2010 ఓటములు అర్జెంటీనా చేతిలోనివే. ఈసారి రెండు జట్లూ ఒకే గ్రూప్‌లో ఉన్నాయి. నా జెర్సీ చూసి ఆ అమ్మాయి కొంచెం దూరం జరిగి నిలబడింది. బ్రెజిల్ అభిమానులు తొమ్మిది మంది ఫార్వర్డ్‌లతో వచ్చిన తమ జట్టు గురించి ఎంతో ఉత్సాహంగా మాట్లాడారు కానీ, క్వార్టర్ ఫైనల్ ప్రస్తావన రాగానే గొంతు తగ్గించారు. 2002లో కప్పు గెలిచాక ఫ్రాన్స్, నెదర్లాండ్స్, జర్మనీ, బెల్జియం, ప్రతిసారీ ఏదో ఒక యూరప్ జట్టే వాళ్లను ఇంటికి పంపింది. వేల్స్ వాళ్లకు మాత్రం ఈ లెక్కలేవీ లేవు. 1958 తరువాత 64 ఏళ్లకు ప్రపంచకప్‌లో అడుగుపెట్టారు. జాతీయగీతం వినబడితే చాలని ఒక పెద్దాయన అన్నాడు.

సూక్ వాకిఫ్ బజారు సందుల్లో 18వ తేదీ సాయంత్రం సెనెగల్ అభిమానులను చూశాను. సాదియో మానే ఈ టోర్నీలో ఆడలేడన్న వార్త అంతకుముందు రాత్రే వచ్చింది. ఫిబ్రవరిలో ఆఫ్రికా కప్ ఫైనల్లో ఈజిప్టు మీద చివరి పెనాల్టీ కొట్టి, దేశానికి మొట్టమొదటిసారి ఆ ట్రోఫీ తెచ్చినవాడు అతనే. డ్రమ్ములు భుజాలకు తగిలించుకునే ఉన్నారు, వాయించడం లేదు. అందులో ఒకరు నాతో చాలాసేపు ఫ్రెంచి కలిసిన ఇంగ్లీషులో మాట్లాడారు. మానే లేకుండా ఎక్వడార్‌ను ఎలా దాటాలో, డిఫెండర్ కులిబాలి వెనుక నుంచి ఆటను ఎలా నడిపించాలో వివరించే కొద్దీ ఆయన ముఖంలో మళ్లీ కళ వచ్చింది. ఆ పక్కనే మొరాకో వాళ్లు పాడుతున్నారు. 1986లో గ్రూప్ దాటిన తొలి ఆఫ్రికా జట్టు తమదేనని గర్వంగా చెప్పుకుంటారు. మూడు నెలల కిందటే కోచ్‌గా వచ్చిన వలీద్ రెగ్రాగుయి, పాత కోచ్ పక్కన పెట్టిన ఆటగాడు జియెష్‌ను తిరిగి పిలిచాడని సంతోషపడ్డారు. క్రొయేషియా, బెల్జియం ఉన్న గ్రూప్ నుంచి రెండో స్థానంతో బయటపడితే చాలన్నారు. వాళ్లలో ఒక్కరి నోట కూడా సెమీఫైనల్ అన్న మాట రాలేదు.

ఆ రోజుల్లో నన్ను నిజంగా బాధపెట్టిన విషయం ఒకటుంది. కార్నిష్ సముద్రతీర రహదారి మీద అర్జెంటీనా, బ్రెజిల్, ఇంగ్లండ్ జెర్సీలతో ఊరేగిన మన ప్రాంతపువారిని చూసి, వీళ్లు డబ్బు తీసుకుని వచ్చిన నకిలీ అభిమానులని సామాజిక మాధ్యమాల్లో చాలామంది రాశారు, కొన్ని యూరప్ పత్రికలు ఆ అనుమానాన్ని మోశాయి. మలప్పురం మిత్రుడు ఆ వార్తను ఫోనులో నాకు చూపించి, ఏమీ అనకుండా, దాని వెంటనే తన జిల్లా పక్కనే పుల్లావూరు దగ్గర నది మధ్యలో నిలిపిన మెస్సీ కటౌట్ ఫొటో చూపించాడు. తాము గెలిచినా ఓడినా వీధిలో తమను ఎవరూ అభినందించరని, ఓదార్చరని తెలిసీ, ఎన్నడూ చూడని దేశం కోసం మూడేళ్లపాటు డైరీలో స్కోర్లు రాసుకున్న మనిషిని నకిలీ అనడానికి నోరెలా వచ్చిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఇంకొక మాట కూడా ఇక్కడే చెప్పాలి. లుసైల్ స్టేడియం పై అంచెలో దీపాల వైరింగు కోసం మా తమ్ముడు ఒక వేసవి అంతా పనిచేశాడు. ఆ పని ఇప్పించిన కాంట్రాక్టరు రెండు నెలల జీతం చాలాకాలం తొక్కిపెట్టాడు. ఈ నిర్మాణాల్లో ప్రాణాలు కోల్పోయిన వలస కార్మికులు ఎందరన్న వివాదం ఇంకా తెగలేదు. తను పనిచేసిన స్టేడియంలో ఒక్క మ్యాచ్ అయినా కూర్చుని చూడాలన్నది వాడి పట్టుదల. స్థానికంగా నివసించేవారికి మాత్రమే అమ్మిన 40 రియాళ్ల టికెట్ వాడు కొనుక్కున్నాడు. బయటి నుంచి వచ్చిన నాకు అన్నింటికంటే చవకైన టికెట్ 250 రియాళ్లు. అందువల్ల ఇద్దరం వేర్వేరు చోట్ల కూర్చోవలసి వచ్చింది.

20వ తేదీ రాత్రి అల్ బిద్దా పార్కులోని పెద్ద తెర మీద ప్రారంభ మ్యాచ్ చూశాం. ఎన్నర్ వాలెన్సియా రెండు గోల్స్‌తో ఎక్వడార్ ఖతార్ మీద 2-0తో గెలిచింది. ఆతిథ్య దేశం తన తొలి మ్యాచ్‌లోనే ఓడిపోవడం ప్రపంచకప్ చరిత్రలో అదే మొదటిసారి. సగం ఆటకే ఖతార్ అభిమానులు లేచి వెళ్లిపోవడం తెర మీద చూసి మా తమ్ముడు, "మొదటి మ్యాచ్ మంచిది కాదన్నయ్యా" అన్నాడు. నేను వాడిని మందలించాను.

22వ తేదీ ఉదయం ఎరుపు లైను చివరి స్టేషన్ అయిన లుసైల్‌లో దిగాం. మ్యాచ్ మధ్యాహ్నం ఒంటిగంటకు. సరిహద్దు దాటి వచ్చిన సౌదీ అభిమానులు దారంతా ఆకుపచ్చగా నిండిపోయారు. డ్రా అయితే పండగే అని ఒక యువకుడు నాతో చేయి కలిపి చెప్పాడు. నేను మనసులో మూడు సున్నా అనుకున్నాను, పైకి అనలేదు. పదో నిమిషంలో మెస్సీ పెనాల్టీని గోల్ చేశాడు. తరువాత మేము మూడుసార్లు గోల్ అని లేచాం, మూడుసార్లూ ఆఫ్‌సైడ్ అని గోల్ రద్దు చేశారు. విరామం తరువాత ఐదు నిమిషాల తేడాలో అల్ షెహ్రీ, అల్ దవ్సరీ రెండు గోల్స్ కొట్టారు. 88 వేల మంది ఉన్న ఆ స్టేడియంలో నా చుట్టూ ఉన్నవారిలో ఎవరూ చివరి అరగంట కూర్చోలేదు. ఫలితం 1-2.

తిరుగు మెట్రోలో మేము ముగ్గురం ఒకే పెట్టెలో కలిశాం. సౌదీ పాటలు పెట్టె అదిరేలా వినిపిస్తున్నాయి. మలప్పురం మిత్రుడు డైరీ తీసి, 37 ఎదురుగా 1-2 అని రాశాడు. పెన్ను మూత పెట్టకుండా అలాగే పట్టుకుని ఉన్నాడు. రెండు స్టేషన్లు దాటాయి. అప్పుడు మా తమ్ముడు వేళ్లు మడుస్తూ, శనివారం మెక్సికో మీద గెలిస్తే మూడు, పోలండ్ మీద గెలిస్తే ఆరు, ఆరు పాయింట్లతో గ్రూప్ దాటవచ్చని మొదలుపెట్టాడు. మిత్రుడు తలెత్తి నావైపు చూసి, "తొంభైలో మొదటి మ్యాచ్ కామెరూన్ చేతిలో ఓడిపోయాం కదా భాయ్, గుర్తుందా?" అన్నాడు. గుర్తుందన్నాను. ఆ ఏడాది తొమ్మిది మందితో ఆట ముగించిన కామెరూన్ 1-0తో గెలవడం, అయినా అర్జెంటీనా ఫైనల్ దాకా వెళ్లడం మొత్తం చెప్పాను. ఆయన పూర్తిగా విన్నాడు. తరువాత డైరీని మోకాలి మీద పెట్టుకుని, 37 కింద ఒక అడ్డగీత గీసి, ముందు వేసుకున్న 38, 39 కొట్టివేసి, కొత్త వరుసలో 1 అని, పక్కన మెక్సికో అని రాసుకున్నాడు.