నీళ్ల వంతు

ఐదున్నరకే మామయ్య దుప్పటి లాగేశాడు. "లే అల్లుడా, ఇయ్యాల నీళ్ల వంతు మనది." పాలంపేట వచ్చి మూడు రోజులైంది, తినడం తప్ప చేసిందేమీ లేదు, ఎదురు చెప్పే మొహం లేక పార భుజాన వేసుకుని వెంట నడిచాను. యాసంగి నాట్ల రోజులు. ఒకటే చలి, పైగా అడుగుకో ముద్ద బురద చెప్పులకి.

తీరా చూస్తే మడిలో నీళ్లు లేవు. రాత్రి పైవాళ్లెవరో కాలువకి అడ్డం పెట్టుకున్నారు. మామయ్య వాళ్లని తిట్టుకుంటూ వెళ్లి అడ్డం తీసొచ్చాడు, నీళ్లు వచ్చాయి, కానీ మడి నిండదే! మా గట్టుకే రెండు ఎండ్రకాయ బొక్కలు, మన వంతు నీళ్లు బుడబుడమంటూ పక్క మడిలోకి. మామయ్య ఇంత గడ్డి పీకి బురదలో కలిపి, ఒక బొక్కలో కుక్కి మడమతో నాలుగు తొక్కులు తొక్కాడు. అంతే, ఆగిపోయింది. రెండోది నేను కప్పాను. ఐదు నిమిషాల్లో మళ్లీ కారింది.

"రేచర్ల రుద్రుడు కట్టించిన కట్ట ఎనిమిది వందల ఏండ్లాయె, ఇంకా ఉన్నది. నీ బొక్క చూడు!" అని ఒకటే నవ్వు.

ఆయన అన్నది రామప్ప చెరువు కట్ట గురించి. కాకతీయ గణపతిదేవుడి సేనాని ఆ రుద్రుడు. ఊళ్లోని రామప్ప గుడి కూడా ఆయన కట్టించిందే, అక్కడి శాసనంలో ఉన్న ఏడాది 1213. మూడు వైపులా గుట్టలు ఉన్న చోటు చూసి నాలుగో వైపు మాత్రం కట్ట పోయించాడు, నాకైతే గుడిలోని మదనికల కంటే ఈ తెలివే నచ్చుతుంది (శిల్పాలు బాగుండవని కాదు, తిట్టకండి).

తొమ్మిదింటికి తిరిగొస్తుంటే కారులోంచి ఒకాయన అడిగాడు, నీళ్లలో తేలే ఇటుకలు ఎక్కడ చూపిస్తారని. 2021లో గుడికి యునెస్కో గుర్తింపు వచ్చిందగ్గర్నుంచి ఈ ప్రశ్న మామూలేనట. "గుడి శిఖరంలో ఉన్నయి సార్, పీకి చూపెట్టరు" అన్నాడు మామయ్య. మరి చెరువు సంగతి? ఆయన అడగలేదు, మేమూ చెప్పలేదు.

సాయంత్రం అత్త సర్వపిండి చేసింది. మూడోది తింటుండగా మామయ్య టార్చి పట్టుకుని పొలానికి బయల్దేరాడు. ఎందుకని అడిగితే, నేను కప్పిన బొక్క చూసి రావడానికట.