శంషాబాద్ ఎయిర్‌పోర్ట్ గురించి నాలుగు మాటలు

మొన్న అర్ధరాత్రి మా అక్కని అమెరికా ఫ్లైట్ ఎక్కించడానికి శంషాబాద్ వెళ్ళాం, ఆ జనాన్ని చూస్తుంటే బేగంపేట రోజులు గుర్తొచ్చాయి. సిటీ మధ్యలో ఎయిర్‌పోర్ట్, చుట్టూ ఇళ్ళే, పెంచుదామన్నా చోటేది? 2008 మార్చిలో శంషాబాద్‌కి మార్చినప్పుడు ఇంత దూరమా అని అందరూ విసుక్కున్నారు, పీవీ ఎక్స్‌ప్రెస్‌వే వచ్చాక గానీ కాస్త ఊపిరాడలేదు. కానీ ఆ రోజే 5,500 ఎకరాల దాకా తీసుకోబట్టే కదా ఇవాళ పెంచగలుగుతున్నారు.

మొదట ఏడాదికి 1.2 కోట్ల మందికని కట్టిన టెర్మినల్ చాలక 3.4 కోట్లకి పెంచారు, అదీ ఒక్కరోజు కూడా మూయకుండా. 2018లో ఇంటర్నేషనల్ డిపార్చర్స్‌కి పక్కనే టెంపరరీ టెర్మినల్ కట్టి, జనాన్ని అటు పంపి, ఇటు పని చేసుకున్నారు. ఇంట్లో ఉంటూనే ఇల్లు పడగొట్టి కట్టుకున్నట్టు, నాకైతే ఇది చాలా గొప్ప పనే.

అసలు చిక్కు రన్‌వేతోనే. రెండోది ఉంది గానీ అది మెయిన్ రన్‌వేకి మరీ దగ్గర, రిపేర్లప్పుడు వాడుకోవడానికే, రెండిటి మీదా ఒకేసారి విమానాలు దింపలేరు. టెర్మినల్ ఎంత పెంచినా ఇది తేలాల్సిందే.

గేటు దగ్గర ఒక పెద్దాయన తాడు కట్టిన అట్టపెట్టె విప్పి ఆవకాయ డబ్బా ఇంకో బ్యాగ్‌లోకి మారుస్తున్నాడు, బరువు ఎక్కువైందట. అక్క వెళ్ళి టేప్ పట్టుకుంది.