స్నేహితుడు పోయాక మిగతా స్నేహితుల పని

ప్రతి కాలనీలోనూ అందరికీ కావలసిన మనిషి ఒకరుంటారు. సంపు మోటారు తిరగకపోతే ఎవరికి ఫోన్ చెయ్యాలో ఆయనకి తెలుసు. వినాయక చవితి చందాల పుస్తకం ఆయన దగ్గరే ఉంటుంది. అర్ధరాత్రి ఎవరికి గుండెనొప్పి వచ్చినా ముందు బయటికొచ్చే కారు ఆయనదే. అలాంటి మనిషి పోతే ఇంట్లోవాళ్ల దుఃఖానికి క్రతువుంది, మైల ఉంది, ఆఫీసులో సెలవుంది. స్నేహితుడి దుఃఖానికి ఇవేవీ లేవు. పాడె మోసి, స్నానం చేసి, మర్నాడు డ్యూటీకి పోవాల్సిందే. అందుకే చాలామంది ఆ బరువంతా ఫ్లెక్సీ మీదా వాట్సాప్ స్టేటస్ మీదా దించేసుకుంటారు. తప్పని కాదుగానీ, ఆయనకి మనం పడ్డ రుణం అక్కడ తీరదు. ఆ ఇంటికి మనిషి అవసరం ఎక్కువగా పడేది బంధువులు రైళ్లెక్కి వెళ్లిపోయాకే. అయినా స్నేహితుల పని మొదటి గంటల నుంచే మొదలవుతుంది.

మొదటి గంటల్లో ఆలస్యం చెయ్యకూడనిది నేత్రదానం. ఆరు గంటల్లోపు జరగాలి కాబట్టి ఆ మాట ఎత్తగలిగేది ఏడుపులో లేని స్నేహితుడే. ఇంట్లోవాళ్లు సరేనంటే వెంటనే దానం చేసిన కళ్లు సేకరించే ఐ బ్యాంకుకి ఫోన్ చేసి, ఫ్యాను ఆపేసి, రెప్పలు మూసి, వాటిమీద తడి దూది పెట్టి, తల కింద దిండు ఎత్తు పెట్టాలి. ఏసీ ఉంటే వెయ్యొచ్చు. ఐ బ్యాంకువాళ్లే ఇంటికొస్తారు, అరగంటలో పనైపోతుంది, ముఖం వికారంగా కనపడదు, పైసా ఖర్చులేదు. షుగరు, బీపీ, కళ్లజోడు, శుక్లాల ఆపరేషన్ ఏదీ అడ్డం కాదు. హెచ్ఐవీ, హెపటైటిస్, రేబిస్ లాంటివి ఉంటే మాత్రం తీసుకోరు.

సమాచారం ఒక్కరే పంపాలి, ఒక్క మెసేజ్‌లో పంపాలి: ఇల్లెక్కడ, ఎన్నింటికి తీస్తారు, ఏ శ్మశానం, బళ్లు ఎక్కడ ఆపుకోవాలి. కింద ఇద్దరు స్నేహితుల నంబర్లు ఇవ్వాలి, కొడుకు నంబరు కాదు. ఫ్రీజర్ బాక్స్ తెప్పిస్తే దానికి గోడ ప్లగ్గు నుంచే కరెంటివ్వండి. టీవీ, ఫ్యాను ఉన్న ఎక్స్‌టెన్షన్ బోర్డుకే తగిలిస్తే రాత్రిపూట బోర్డు కాలొచ్చు. వచ్చినవాళ్లందరికీ మూత ఎత్తి చూపిస్తే చల్లదనం నిలవదు, పైన అద్దం ఉన్నది అందుకే.

ఆ ఇంట్లో పొయ్యి వెలగదు. ఇరవై మందికి ఉప్మా అంటే రెండు కిలోల రవ్వ, పెరుగన్నం అంటే రెండు కిలోల బియ్యం. ఇదంతా అందరికీ తెలిసిందే. అందరూ మర్చిపోయేది ఆ ఇంటి పెద్దావిడ షుగరు మాత్ర. ముందురోజు నుంచి తిండి లేకుండా మాత్ర వేసుకుంటే ఆవిడా పడిపోవచ్చు. ఆవిడకొక్కదానికి వేళకి రెండిడ్లీలు తినిపించే బాధ్యత ఒకరు తీసుకోవాలి. ఇంకొకరు గుమ్మం దగ్గర కూర్చోవాలి. పలకరింపుకొచ్చిన ప్రతివాళ్లూ "ఎలా జరిగింది?" అని భార్యనే అడుగుతారు, ఆవిడ ఆ ఆఖరి గంటని రోజుకి ముప్పైసార్లు చెప్పుకోవాలి. ఆ కథ బయటే మీరు చెప్పేయండి. లోపలికెళ్లేవాళ్లు ఊరికే పక్కన కూర్చుంటారు.

ఇక కాగితాలు. స్నేహితుడు అసలు పనికొచ్చేది ఇక్కడే. మరణ నమోదు 21 రోజుల్లోపు ఉచితం. 30 రోజుల దాకా ఆలస్య రుసుము, ఆ తర్వాత ఏడాది వరకు అధికారి రాతపూర్వక అనుమతి, ఏడాది దాటితే మెజిస్ట్రేట్ ఉత్తర్వు కావాలి. నమోదు జరిగేది ఇల్లున్న ఊళ్లో కాదు, ప్రాణం పోయిన ఊళ్లో. నరసరావుపేట మనిషి గుంటూరు ఆసుపత్రిలో పోతే గుంటూరు కార్పొరేషన్‌లోనే. ఆసుపత్రి అయితే కబురు వాళ్లే పంపుతారు. ఇంట్లో పోతే ఇంటివాళ్లే చెప్పాలి, చివరిగా వైద్యం చేసిన డాక్టరు రాసే మరణ కారణ పత్రం కూడా దగ్గరుంచుకోవాలి. ఫారం నింపేటప్పుడు ఆధార్ ముందు పెట్టుకుని ఒక్కో అక్షరం చూసి రాయండి. ఆధార్‌లో వెంకటేశ్వర్లు, పాలసీలో వెంకటేశ్వరరావు అయితే ప్రతి కౌంటర్ దగ్గరా "ఈయనా ఆయనా ఒకరేనా?" అంటారు. ఒకేసారి ఎనిమిది, పది కాపీలు తీసుకోండి. తహసీల్దారు ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌కి కూడా అప్పుడే మీసేవలో దరఖాస్తు పెట్టేయండి.

తర్వాత పాస్‌బుక్ ప్రింట్ వేయించి మే, జూన్ నెలల వరసలు చూడండి. 436 రూపాయలు కోసినట్టుంటే అది ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా, 2 లక్షలు వస్తాయి. 20 రూపాయల కోత ఉంటే సురక్షా బీమా, ప్రమాదంలో పోతే 2 లక్షలు. ఖాతా తెరిచినప్పుడు సంతకం పెట్టి మర్చిపోయినవే ఎక్కువ, ఇంట్లో ఎవరికీ తెలియదు. క్లెయిమ్ ఫారం ఆ బ్రాంచిలోనే ఇస్తారు, నెలలోపే వెళ్లడం మంచిది. పీఎఫ్ ఉన్న ఉద్యోగంలో ఉండగా పోతే మూడు ఫారాలు: పీఎఫ్ డబ్బుకి 20, పింఛనుకి 10డి, పీఎఫ్‌తో పాటే ఉండే ఈడీఎల్ఐ అనే జీవిత బీమాకి 5ఐఎఫ్. ఆఖరిదానికి గరిష్ఠంగా 7 లక్షలు వస్తాయి. మొదటి రెండూ పెట్టి మూడోది వదిలేస్తారు.

రెండు పనులు చెయ్యనివ్వకండి. పిన్ తెలుసు కదా అని ఏటీఎంలో డబ్బు తియ్యడం ఒకటి. రేపు అన్నదమ్ములు లెక్క అడిగితే జవాబుండదు. నామినీ అంటే డబ్బు చేతికి తీసుకునే మనిషేగానీ, వారసుల హక్కు అందులో కలిసిపోదు. రెండోది, ఆయన సిమ్‌కి రీఛార్జ్ ఆపేయడం. ఓటీపీలన్నీ ఆ నంబరుకే వస్తాయి. మూలపడ్డ నంబరును కంపెనీ కొన్నాళ్లకు వేరేవాళ్లకి ఇచ్చేస్తుంది.

ఈ పనులన్నిటికీ "ఏదైనా కావాలంటే చెప్పండి" అనే మాట పనికిరాదు, ఎవరూ చెప్పరు. "బుధవారం మీసేవకి వెళ్తున్నా, అన్నయ్య ఆధార్ జిరాక్సులు తీసి ఉంచు వదినా" అంటే పనవుతుంది.

సంతాప సభ పెడితే మొదట ఇంట్లోవాళ్లని అడగండి. క్రైస్తవ కుటుంబమైతే ఆదరణ కూడిక వాళ్ల సంఘం పెడుతుంది, ముస్లిం ఇంట్లో మూడో రోజు జియారత్ ప్రార్థనలు ఉంటాయి, మన సభ వాటికి అడ్డం రాకూడదు. ఫొటో విషయానికొస్తే, వాట్సాప్‌లో వచ్చిన బొమ్మని ఫ్లెక్సీ సైజుకి పెంచితే ముఖం చెదిరిపోతుంది. అసలు ఫైలుని డాక్యుమెంట్‌గా పంపించమనండి. ఫ్లెక్సీ మీద పోయినాయన ముఖం కంటే నివాళులర్పించేవాళ్ల ముఖాలు పెద్దగా ఉండే ఆచారం మనది, దాన్ని ఈ ఒక్కసారికి మానేయొచ్చు. మాట్లాడేవాళ్లు ఐదుగురు, మనిషికి నాలుగు నిమిషాలు చాలు. మౌనం రెండు నిమిషాలంటే గడియారం చూసి రెండు నిమిషాలు. మైకు పట్టుకున్నవాళ్లు నలభై సెకన్లకే "ఓం శాంతి" అనేస్తారు. భార్యని వేదిక మీద కూర్చోబెట్టొద్దు.

సభ కంటే ఎక్కువ నిలిచేది ఒక లాంగ్ నోట్‌బుక్. గుమ్మం దగ్గర పెట్టి, మొదటి పేజీలో "ఆయన మీకేం చేశారు, ఎప్పుడు, ఎక్కడ?" అని మీరే రాసి ఉంచండి. ఊరికే ఖాళీ పుస్తకం పెడితే అందరూ "చాలా మంచి మనిషి" అని సంతకం పెట్టిపోతారు, పిల్లలకి అందులో నాన్న దొరకడు. వాచ్‌మన్, ఇస్త్రీ బండి మనిషి, పాలు పోసే ఆవిడ రాయలేకపోతే ఫోన్‌లో రికార్డు చేసుకుని మీరు రాయండి. కూతురు ఫీజుకి చేబదులిచ్చాడనీ, ఆసుపత్రిలో రాత్రంతా కూర్చున్నాడనీ తెలిసేది వాళ్ల దగ్గరే. ఇంట్లోవాళ్లకి కూడా ఈ సంగతులు కొత్త.

ఆయన పేరున నిధి అంటారా, లెక్క వేసుకునే మొదలుపెట్టండి. లక్ష రూపాయలు ఆరున్నర శాతానికి డిపాజిట్ చేస్తే ఏడాదికి 6,500. దానికి తగ్గ పనే ఒప్పుకోవాలి. డబ్బు ఎవరి సొంత ఖాతాలోనూ వెయ్యొద్దు, ఇద్దరి సంతకాల ఖాతా ఉండాలి. ఐదేళ్ల తర్వాత ఆ ఇద్దరూ ఇల్లు మారితే ఎవరు చూస్తారో ఇప్పుడే రాసుకోవాలి.

ఆయన చేసే పనుల జాబితా కూడా రాయాలి. లిఫ్ట్ మెకానిక్ నంబరు, ట్యాంకు తాళం, చందాల పుస్తకం. ఒక్కో పనికి ఒక్కో పేరు రాసి, అవన్నీ ఆయన ఇంటికెళ్లి తెచ్చుకోండి. లేకపోతే మోటారు ఆగిన ప్రతిసారీ జనం అలవాటుగా ఆ ఫోన్‌కే చేస్తారు, ఎత్తేది ఆవిడ.

సంవత్సరీకం తిథిని బట్టి వస్తుంది, తారీఖుని బట్టి కాదు. మొదటి ఏడాది దాదాపు పదకొండు రోజులు ముందే పడుతుంది. మధ్యలో అధికమాసం వస్తే తారీఖు దాటాక వస్తుంది. తారీఖు చూసుకుని దండ పట్టుకెళ్తే ఆ ఇంట్లో కార్యం అప్పటికే అయిపోయి ఉంటుంది. నెల ముందే కొడుకుని తిథి అడిగి, కార్యంలో భోక్తలుగా కూర్చుని భోంచేసేవాళ్లు ఎవరు, సామాను ఎవరు తెస్తున్నారు, భోజనానికి స్నేహితుల్ని పిలుస్తున్నారా అన్నది కనుక్కోండి.